మందుపాతరలు తీసే విదేశీ ఖర్చు మనమెందుకు మోయాలి?

మర్రిగూడ రైతుబిడ్డ:
2009లో యుద్ధం ముగిశాక ఉత్తర శ్రీలంకలో మందుపాతరలు తీయడానికి మన ప్రభుత్వం సొంత ఖర్చుతో టీములను పంపింది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం నిలిపేసేసరికి చాలా దేశాల్లో ఈ పని మధ్యలో ఆగింది. ఆ లోటు మన దేశం పూడ్చాలంటే నేను ఒప్పుకోను. మా మేనత్త ఫ్లోరైడ్ నీళ్లు తాగి నలభై ఏళ్లకే కర్ర పట్టింది. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నాయి, కానీ వంగిన నడుము లేవలేదు. ముందు మన ఇల్లు చూసుకోవాలి. పైగా మందుపాతరలను నిషేధించిన 1997 ఒట్టావా ఒప్పందంలో మనం చేరనేలేదు. అలాంటప్పుడు మనకెందుకు?

పాలమూరు పంతులు:
తమ్ముడూ, మీ మేనత్త సంగతి చదివి కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. కానీ మందుపాతర మనకు పరాయిది కాదు. 1993లో సోమశిల దగ్గర మా జిల్లా ఎస్పీ పరదేశి నాయుడు, 2000 మార్చిలో ఘట్‌కేసర్ దగ్గర మీ జిల్లాకు చెందిన మంత్రి మాధవరెడ్డి దానికే బలయ్యారు. అవి మనిషి కాపు కాసి పేల్చినవి. ఒట్టావా ఒప్పందం నిషేధించింది అడుగు పడితే పేలేవాటిని. సిపాయిలు ఇళ్లకు వెళ్లిపోయాక కూడా అవి మట్టిలోనే ఉంటాయి. మేక తొక్కినా పేలుతాయి, బడికి పోయే పిల్ల తొక్కినా పేలుతాయి.

ఈ ఖర్చుకు అంతు లేదనుకోకు. మొజాంబిక్ 2015లో తమ నేలలో తెలిసిన మందుపాతరలన్నీ తీసేశామని ప్రకటించింది. ఇంకో మాట. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి పేరే నల్లగొండ టెక్నిక్. టాంజానియా, ఇథియోపియాల్లో కూడా దాన్ని వాడారు. మన బాధ పూర్తిగా తీరాకే పక్కవాడికి చెబుదాం అనుకుంటే అది ఊరు దాటేదా?

దేవరకొండ అక్క:
మీరిద్దరూ తీసే సంగతే మాట్లాడుతున్నారు. పేలాక బతికిన మనిషి మాటేంటి? ఈ పనికి దేశాలిచ్చే డబ్బులో పెద్ద భాగం నేలను శుభ్రం చేయడానికే పోతుంది. బాధితులకు చేరేది చాలా ఏళ్లలో పదో వంతు కూడా ఉండదు. నాకు కోపమొచ్చేది అక్కడే.

మా మామ కాలు నూర్పిడి మిషన్‌లో పోయింది. క్యాంపులో పెట్టుడు కాలు ఉచితంగానే పెట్టారు, పేపర్‌లో ఫొటో కూడా వచ్చింది. రెండేళ్లకు మొండికాలు సన్నబడి, దాన్ని దూర్చే సాకెట్ వదులైంది. పాత చీర ముక్కలు చుట్టి బిగించుకునేవాడు. మే నెలలో చెమటకు చర్మం ఒరుసుకుపోయి పుండు పడేది. సరిచేయించాలంటే హైదరాబాద్ బస్సు, రెండు రోజుల కూలి పోవడం. క్యాంపు పెట్టినవాళ్లు మళ్లీ రాలేదు. పెద్దవాళ్లకే ఇలా ఉంటే, ఎదిగే పిల్లకు కాలు ఎన్నిసార్లు మార్చాలి?

సాయం చేయాల్సిందే, కానీ మన వాటా కాళ్లకు పోవాలి. 1968లో తయారైన జైపూర్ కాలు వేసుకుని బాసింపట్టు వేసి కూర్చోవచ్చు, చెప్పుల్లేకుండా పొలం గట్టు మీద నడవొచ్చు. శ్రీలంకకూ, అఫ్గానిస్తాన్‌కూ ఆ కాళ్లు వెళ్లాయి. వాటి వెంట రిపేరు చేసే మనిషి, ఆ మనిషికి జీతం కూడా వెళ్లాలి. ఒకరోజు క్యాంపు పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు.

మర్రిగూడ రైతుబిడ్డ:
అక్కా, కాళ్ల మాటకు నేను అడ్డు చెప్పలేను. డబ్బు మాత్రం మన మండలంలో ముందు ఖర్చుపెట్టాలన్న మాట మీదే ఉన్నా. ఆ రిపేరు మనిషి మర్రిగూడకూ కావాలి, మా అత్త లాంటి వాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ మామ ఇప్పుడు సాకెట్ ఎక్కడ సరిచేయించుకుంటున్నాడు? అక్కడ నడుం బెల్టు కూడా కొలత తీసి చేస్తారా?

దేవరకొండ అక్క:
చేస్తారు తమ్ముడూ. సోమవారం, గురువారం మాత్రమే కొలతలు తీస్తారు. అత్తను పొద్దున్నే మొదటి బస్సుకు తీసుకురా, నేను కూడా వస్తా.