కరోనా తర్వాత మన ఆరోగ్య శాఖలో మారాల్సింది కుర్చీలో మనిషా, పద్ధతా?

పెన్నా_ఒడ్డు, నెల్లూరు:
అమెరికాలో జబ్బుల నివారణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ సంగతి చదివాక అడగాలనిపించింది. 2020 ఫిబ్రవరిలో వాళ్లు రాష్ట్రాల ల్యాబులకు పంపిన టెస్టు కిట్లే సరిగ్గా పనిచేయలేదు, అసలే టైం లేనప్పుడు వారాలకు వారాలు పోయాయి. 2022లో అప్పటి డైరెక్టర్ రోషెల్ వాలెన్‌స్కీ, జిమ్ మాక్రే అనే బయటి అధికారితో సమీక్ష చేయించి, జనం పెట్టుకున్న నమ్మకానికి తగ్గట్టు పనిచేయలేకపోయామని ఆగస్టులో అందరి ముందూ ఒప్పుకున్నారు. సమాచారం ఆలస్యంగా ఇచ్చాం, జాగ్రత్తలు అయోమయంగా చెప్పాం, పరిశోధనా వ్యాసాలకు ఇచ్చిన విలువ ఫీల్డు పనికి ఇవ్వలేదు అని. మన రాష్ట్రంలో మొదటి కేసు బయటపడింది నెల్లూరులోనే, 2020 మార్చిలో. ఏడాది తిరిగేసరికి సెకండ్ వేవ్‌లో ఆక్సిజన్ బెడ్డు కోసం మనుషులు ఎలా తిరిగారో చూశాం, కృష్ణపట్నంలో మందు ఇస్తున్నారంటే వేలమంది ఎందుకు కదిలారో కూడా ఆలోచించాలి. మన దగ్గరా ఏం తప్పు జరిగిందో రాసి జనం ముందు పెట్టొద్దా? శాఖలో పనిచేసినవాళ్లు చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మెట్ట_ఏఎన్ఎం, ఉదయగిరి వైపు:
అన్నా, మీరు పైనుంచి అడుగుతున్నారు, నేను కింద నుంచి చెప్తాను. జ్వరాలు ఎక్కువ రాస్తే ముందు వచ్చేది మందులు కాదు, ఫోను. "మీ సబ్‌సెంటర్లోనే ఎందుకు ఇన్ని వస్తున్నాయి" అని రాత్రి టెలికాన్ఫరెన్స్‌లో అందరూ వింటుండగా అడుగుతారు, నిల్ అని రాసిన పక్క సబ్‌సెంటరు ఆమెని ఎవరూ ఏమీ అడగరు. ఇక మర్నాడు ఎవరైనా ఏం రాస్తారు చెప్పండి. సెకండ్ వేవ్‌లో ఒకే వీధిలో వరసగా ఇళ్లన్నిట్లో జ్వరాలుంటే ఉన్నది ఉన్నట్టు రాశాను. కిట్లు రాకముందే సంజాయిషీ అడిగారు. మా ఆశా అమ్మాయి ఒక్క పల్స్ ఆక్సీమీటరు పట్టుకుని ఊరంతా తిరిగింది, బ్యాటరీలు అయిపోతే మేమే కొనుక్కున్నాం. డైరెక్టర్లు ఎంతమంది మారినా ఆ టెలికాన్ఫరెన్స్ మారకపోతే మాకు ఏమీ మారనట్టే.

రిటైర్డ్_సూపర్‌వైజర్, ఒంగోలు:
అమ్మా, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. 2004లో ఐడీఎస్‌పీ, అంటే జబ్బుల మీద నిఘా పెట్టే కేంద్ర పథకం, పెట్టిందే ఇందుకు కదా. మీరు ఎస్ ఫారం, డాక్టరు పీ ఫారం, ల్యాబు ఎల్ ఫారం నింపితే, ఎక్కడ కేసులు పెరుగుతున్నాయో ముందే పసిగట్టి టీము పంపాలి. 2021 నుంచి అదంతా ఆన్‌లైన్ పోర్టల్‌లోకి వచ్చింది. ఎక్కువ కేసులు రాసిన చోటికి సాయం వెళ్లాలని పెట్టిన ఏర్పాటు అది, దాన్నే మార్కుల షీటు చేసిపెట్టారు.

అయితే కుర్చీ ముఖ్యం కాదంటే మాత్రం ఒప్పుకోను. తడ దాటితే తమిళనాడు. అక్కడ పబ్లిక్ హెల్త్‌కి ప్రత్యేకంగా ఒక కేడర్ ఉంది, అందులో చేరిన డాక్టర్లు ఆ పనే నేర్చుకుని అందులోనే పైకి వస్తారు. 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చినప్పుడు మన నెల్లూరు కూడా ఆ రాష్ట్రంలోనే ఉంది, ఆ చట్టం ఆంధ్ర ప్రాంతానికీ వారసత్వంగా వచ్చింది. చట్టం ఒకటే అయినా దాన్ని నడిపే మనుషుల్ని తయారుచేసుకోవడంలో వాళ్లు ముందుకెళ్లారు. ఫీల్డు తెలిసిన అధికారి పైన కూర్చుంటే నిల్ రిపోర్టు చూడగానే అనుమానం వస్తుంది, తెలియని ఆయన దాన్ని చూసి సంతోషపడతాడు.

పీహెచ్‌సీ_డాక్టర్, కందుకూరు:
సార్‌తో సగం ఏకీభవిస్తాను. వాలెన్‌స్కీ సంస్కరణలు మొదలుపెట్టి 2023 జూన్ ఆఖరుకి వెళ్లిపోయారు, మాండీ కోహెన్ వచ్చారు. ఒక మనిషి చొరవ మీద నడిచే మార్పు ఆ మనిషితోనే పోతుంది. వాళ్ల సమీక్షలో నాకు నచ్చినది చిన్న విషయం. అత్యవసర పనికి పంపినవాళ్లు కనీసం 6 నెలలు అక్కడే ఉండాలన్నారు, పని అర్థమయ్యేలోపే వెనక్కి పోతున్నారని. కరోనా అప్పుడు మమ్మల్ని డిప్యుటేషన్ మీద ఎటు తిప్పారో గుర్తుంటే ఇది ఎంత అవసరమో తెలుస్తుంది.

పెన్నా_ఒడ్డు:
అయితే జిల్లా మీటింగులో అడగాల్సింది ఇదే అనుకుంటా: జ్వరాలు ఎక్కువ రాసిన సబ్‌సెంటర్లకు ఎన్ని రోజుల్లో టీము వెళ్లింది, ఆ లెక్క ప్రతి నెలా బోర్డు మీద పెట్టమని.

మెట్ట_ఏఎన్ఎం:
అడగండన్నా. దాంతోపాటు నిల్ రాసిన చోట్లకి కూడా ఒకసారి వెళ్లి చూడమనండి.