బిర్లా మ్యూజియంలో కోటసారస్ తల అసలుదేనా?

ప్రశ్న (వనస్థలిపురం నుంచి ఒక నాన్న)

నిన్న మా పాపను నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంకు తీసుకెళ్ళాను. మూడో తరగతి. కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ముందు నిలబడి ఎంత పిలిచినా కదల్లేదు. బస్సెక్కాక అడిగింది: "నాన్నా, దీని తల దొరకలేదని ఒక అంకుల్ వాళ్ళబ్బాయికి చెప్తున్నాడు. మరి అక్కడున్న తల ఎవరిది?" తోచింది చెప్పబుద్ధి కాలేదు. రేపు చెప్తానన్నాను. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు (రిటైర్డ్ జియాలజీ లెక్చరర్)

పాప విన్నది నిజమే బాబూ. ఆ తల తయారుచేసి పెట్టిందే. 1970ల చివర్లో తెలంగాణలోని యామనపల్లి అనే ఊరి దగ్గర తవ్వితే 840 దాకా ఎముకలు బయటపడ్డాయి, కనీసం 12 జంతువులవి. అన్నింటిలో ఒక్క పుర్రె లేదు! తలకు సంబంధించి మిగిలినవి రెండు పళ్ళు.

ఒళ్ళు 9 మీటర్లున్నా ఈ జాతికి తల చిన్నది. పుర్రె ఎముకలు పల్చన, అతుకులు వదులు. చచ్చాక మెడ నుంచి ముందు ఊడేది అదే. తొడ ఎముక రోకలిబండ లాంటిదైతే పుర్రె మట్టి ప్రమిద. ఏటి ప్రవాహంలో ఏది మిగులుతుందో మీరే చెప్పండి.

నాకు మాత్రం ఆ రెండు పళ్ళంటే ప్రాణం. చెంచా ఆకారంలో ఉంటాయి, ఆకులు తెంపుకు తినే నోరని అవే చెప్తాయి. 1988లో జియాలజిస్టు యాదగిరి గారు దీనికి పేరు పెట్టారు. ఎముకలు దొరికిన 'కోట' రాతి పొరల పేరు, యామనపల్లి పేరు రెండూ అందులో ఉన్నాయి.

జవాబు (ఉప్పల్)

బారాపాసారస్ అని ఇంకో డైనోసార్ ఉంది, దానికీ తల లేదు కదా మేడమ్? అది మన చీరల పోచంపల్లిలో దొరికిందట?

జవాబు (లెక్చరర్)

తల దొరకలేదు, నిజమే. కొన్ని పళ్ళు దొరికాయి. పోచంపల్లి మాత్రం వేరమ్మా. ఇది మహారాష్ట్రలో సిరొంచ వైపు ఊరు. ఎముకల తవ్వకం సాగిన 1961 రవీంద్రుడి శతజయంతి ఏడు. అందుకే 1975లో పేరు పెట్టినప్పుడు ఠాగూర్‌ను కలిపారు. ఎముకలు కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

జవాబు (వనస్థలిపురం)

చాలా థాంక్స్ మేడమ్. పాపకు చెప్పాను. "పన్నెండూ ఒకేసారి చచ్చిపోయాయా?" అంటోంది, ముఖం చిన్నబుచ్చుకుని.

జవాబు (లెక్చరర్)

మంద మొత్తం వరదలో చిక్కుకుని ఉండొచ్చు. వేర్వేరుగా చచ్చినవాటిని కూడా ఏరు ఒకచోటికి చేరుస్తుంది. రెండూ చెప్పండి. ఈసారి వెళ్ళినప్పుడు తొడ ఎముక పక్కన నిలబెట్టి, తన ఎత్తుతో పోల్చి చూడమనండి.