సమస్యాపూరణం: దెయ్యమును గనంగ దిగులు తీరె

నిర్వాహకుడు, గవర్నర్‌పేట

ఈ వారం సమస్య (మీ పద్యానికి చివరి పాదం ఇదే కావాలి):

దెయ్యమును గనంగ దిగులు తీరె

మొన్న రాత్రి అందరూ పడుకున్నాక సౌండు బాగా తగ్గించుకుని ఒక దెయ్యం బొమ్మ చూశాను. మధ్యలో మంచినీళ్లకి లేచి వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తలుపు తీస్తే, ఆ వెలుతురులో ఈ పాదం దానంతటదే వచ్చి కూర్చుంది. సినిమా హాల్లో ఈలల మధ్య చూసినవి వద్దు. ఇంట్లో, టీవీలోనో ఫోన్లోనో చూసిన బొమ్మల మీదే పూరించండి. ఏ బొమ్మో పద్యం కింద రాస్తే మిగతావాళ్లం కూడా వెతుక్కుని చూస్తాం. గడువు ఆదివారం రాత్రి.

తెనాలి కుర్రాడు

బొమ్మ యాగిపోయె, బొంగరమై తిర్గి
చక్రమొకటి నన్ను చంపె నపుడు,
నెట్టు తిరిగి వచ్చి నిలువునా కదలిన
దెయ్యమును గనంగ దిగులు తీరె.

'మసూద' చూస్తున్నాను. 2022లో వచ్చినప్పుడు పరీక్షలని వెళ్లలేకపోయాను. సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట సంగీత గారి ముఖం మీద బొమ్మ ఆగిపోయింది. పది నిమిషాలు ఆ చక్రాన్నే చూస్తూ కూర్చున్నా. దెయ్యం కదిలాక ప్రాణం లేచొచ్చింది. బొమ్మ మాత్రం అద్భుతం. తల్లి పడే బాధ లేకపోతే ఆ భయం అంత పట్టేది కాదు.

కృష్ణలంక మేష్టారు

అబ్బాయ్, శభాష్. దెయ్యాన్ని దెయ్యంగానే ఉంచి, దిగులు ఎక్కడిదో అది మార్చావు. సమస్య విప్పడం అంటే ఇది. 'తిర్గి' ఒక్కటే పంటి కింద రాయి. 'బొంగరమై యాడి' అనెయ్, గణం చెడదు, అన్నంలో రాయీ ఉండదు.

సత్యనారాయణపురం పిన్ని

వణకుచుంటి నేను వంటింటి మూలను,
చేతికున్న వాచి చెప్పె నిజము;
రంగు చెరగిపోయి రబ్బరు కోరల
దెయ్యమును గనంగ దిగులు తీరె.

యూట్యూబ్‌లో చూసిన గంట సేపటి బొమ్మ. తీసినవాళ్లు కొత్త పిల్లలు, పేరు చెప్పి వాళ్లని చిన్నబుచ్చను. మొదటి అరగంట నిజంగానే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూశాను, హాల్లో కూర్చోవడానికి ధైర్యం చాలక. తర్వాత దెయ్యం గొంతు పట్టుకోవడానికి చెయ్యి చాపితే మణికట్టుకి స్టీలు చైను వాచీ కనపడింది.

బ్రాడీపేట బావ

పిన్నిగారూ, భావం బాగుంది, రెండో పాదం దగ్గర మాత్రం ఆగిపోయాను. గణం కోసం వాచీకి దీర్ఘం తీసేశారు. ఇప్పుడు 'చేతికున్న వాచి' అని చదివితే దెయ్యం చెయ్యి వాచి ఉందనుకుంటాం! 'చేతి గడియ చూడ చిక్కె నిజము' అంటే యతీ నిలుస్తుంది, గణమూ నిలుస్తుంది.

కృష్ణలంక మేష్టారు

బావగారూ, మా ఇంట్లో గడియ తలుపుకి ఉంటుంది. సవరణ చెప్పేటప్పుడు సవరణని కూడా ఒకసారి చదువుకోవాలి. పిన్నిగారి పద్యానికి నా అభ్యంతరం వేరు. దెయ్యం అబద్ధం అని తేల్చేస్తే సమస్య విప్పినట్టు కాదు, తప్పించుకున్నట్టు. కల అని, నాటకం అని, వేషం అని దేన్నైనా పూరించెయ్యొచ్చు.

సత్యనారాయణపురం పిన్ని

తప్పించుకోలేదు మేష్టారూ. అరగంట భయపడ్డది నేను. నిజంగా చెమట పట్టింది, నిజంగా తీరింది. దిగులు తీరడానికి దెయ్యం నిజం కావాలని పాదంలో ఎక్కడా లేదు. పైగా ఆ వాచీ కనపడ్డాక కూడా బొమ్మ ఆపలేదు, చివరిదాకా చూశాను. చేతిలో డబ్బు లేకుండా, ఒక్క ఇంట్లో, ఒక్క బల్బు వెలుతురులో తీసిన పిల్లలు నన్ను అరగంట నిలబెట్టారు. అది చిన్న విషయం కాదు. 'వాచి' మాత్రం ఒప్పుకుంటాను, దిద్దుకుంటాను.

పటమట మనవడు

పిండిబొమ్మ చేసి పెట్టగా నమ్మమ్మ
పిల్లవాని చేత ప్రేమతోడ,
నాణెములను రాల్చు నాకలి గొన్నట్టి
దెయ్యమును గనంగ దిగులు తీరె.

'తుంబాడ్'. 2018లో వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, 2024లో మళ్లీ విడుదల చేస్తే జనం వెళ్లి చూశారు. నేను రెండుసార్లూ పోగొట్టుకుని ఇంట్లోనే చూశాను. చూడనివాళ్ల కోసం ఒక్క మాట: అందులో దెయ్యానికి తీరని ఆకలి, పిండిబొమ్మని ఎరగా వేసి దాని దగ్గర బంగారు నాణేలు దొంగిలిస్తారు. మా తమ్ముడు హడలిపోయి దుప్పట్లో దూరితే, మా అమ్మమ్మ లోపలికి వెళ్లి జంతికల కోసం కలిపిన పిండిలోంచి వేలెడంత బొమ్మ చేసి తెచ్చి వాడి అరచేతిలో పెట్టింది. 'వస్తే ఇది ఇచ్చెయ్, తిని పోతాడు' అంది. వాడు దాన్ని గుప్పిట్లో పట్టుకుని చివరిదాకా చూశాడు. పొద్దున లేచేసరికి అది ఎండి వాడి వేళ్ల గుర్తులతో గట్టిపడిపోయింది. ఇంకా టీవీ పక్కనే ఉంది.

బ్రాడీపేట బావ

అమ్మమ్మగారికి నా నమస్కారం చెప్పు నాయనా. ఈ వారం ఇంతకంటే మంచి దృశ్యం రాదు. అందుకే మూడో పాదం చూసి ప్రాణం ఉసూరుమంది. 'రాల్చు నాకలి' అన్నచోట ఆ న మాటలోది కాదు, సంధిలో నుగాగమం తెచ్చిపెట్టింది. అక్కడ యతికి చూడాల్సింది ఆకలిలోని ఆ, నీ పాదం మొదలు నా. పొసగదు.

కృష్ణలంక మేష్టారు

బావగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేనూ అదే రాయబోతున్నాను. 'నాణెములను రాల్చు నాటి యాకలిగొన్న' అని మార్చు బాబూ. నాకు నా సరిపోతుంది. ఆ 'నాటి' వల్ల కథ పాతకాలం నాటిదన్న సంగతి కూడా పడుతుంది, బొమ్మ 1918లోనే కదా మొదలయ్యేది.

పటమట మనవడు

మార్చుకున్నాను మేష్టారూ. ఇద్దరికీ రుణపడ్డాను.

బ్రాడీపేట బావ

సరే, ఇక నాది. పిన్నిగారి పద్యానికి మేష్టారు తప్పించుకున్నట్టు అన్నారు గనక, నేను దెయ్యాన్నే లేకుండా చేశాను.

చివరి మలుపు చూసి చెమటలు పట్టలే
దేమిటంచు నడుగ తెలియజెపుదు:
తీరుతెన్నులన్ని తెలిసిన కథ యున్న
దెయ్య! మును గనంగ దిగులు తీరె.

1992లో వచ్చిన 'రాత్రి' ఇప్పటికి ఆరుసార్లు చూశాను, అన్నీ ఇంట్లోనే. మొదటిసారి రేవతి ముఖం తప్ప ఏమీ గుర్తు లేదు, అంత భయపడ్డాను. భయం తీరాకనే కెమెరా ఎక్కడ నక్కిందో, నిశ్శబ్దాన్ని ఎంతసేపు సాగదీశారో కనపడింది. దెయ్యం బొమ్మని రెండోసారి చూడనివాళ్లు సగమే చూసినట్టని నా గట్టి అభిప్రాయం.

తెనాలి కుర్రాడు

బావగారూ! ఉన్నదెయ్య, మును గనంగ! అంటే ముందే చూశాక! రెండుసార్లు చదివితే గానీ అందలేదు. పైన 'పట్టలేదేమిటంచు' కూడా ద దగ్గరే విరిగింది.

సత్యనారాయణపురం పిన్ని

విరుపు చూసి చప్పట్లు కొట్టాను. మా ఆయన్ని లేపి చదివి వినిపించాను.

కృష్ణలంక మేష్టారు

విరుపు గొప్పదే, కాదనను. ఇన్నాళ్లలో ఇక్కడ ఇలాంటిది నేను చూడలేదు. కానీ ఉన్నది, అయ్య కలిస్తే ఉన్నదయ్య అవుతుంది. 'దెయ్య'లో ఎ ఎక్కడినుంచి వచ్చింది? పూరణ మొత్తం ఆ ఒక్క అక్షరం మీద నిలబడింది, ఆ అక్షరమే లేదు.

బ్రాడీపేట బావ

ఉన్నదే అన్న మాటని తేల్చి ఉన్నదె అన్నాను. గుంటూరులో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా 'అదెయ్యా', 'ఉన్నదెయ్యా' వినపడుతుంది.

కృష్ణలంక మేష్టారు

వినపడుతుంది. కానీ 'గనంగ' అని గ్రాంథికం పట్టిన పాదంలో ఆ నోటిమాట ఇమడదు. సమస్య మన చేతిలో లేదు గనక మనమే దానికి తగ్గట్టు నడవాలి.

బ్రాడీపేట బావ

మేష్టారూ, అక్షరం దగ్గర ఇంత పట్టుదల ఉన్న మీరు 'నిన్ననాడె రేపు నేడు కలిసె' అన్న సమస్యకి నా పూరణని ఎలా కొట్టేశారో ఇక్కడ చాలామందికి గుర్తుంది. 'రాయలేలు సభను రామలింగని చూచి' అని 'ఆదిత్య 369' మీద రాస్తే, కాలయంత్రం ఆగిన ఏట రాయలెక్కడున్నాడు అన్నారు. రాయలు 1509 నుంచి 1529 దాకా ఏలాడు. ఆ బొమ్మలో కాలయంత్రం ఆగింది 1526లోనే. అంటే రాయలు ఉన్నాడు, సభా ఉంది. ఆ మాట మీద నా పద్యం ఆ వారం పక్కకి పోయింది. అది నాకు ఇప్పటికీ బాధే.

కృష్ణలంక మేష్టారు

సంవత్సరం విషయంలో నాదే పొరపాటు. అప్పుడే ఒప్పుకోవాల్సింది, ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. పద్యం చదువుతుంటే నా బుర్రలో ముందుకాలానికి వెళ్లే భాగం తిరుగుతోంది, 2504. 1991లో మన తెలుగులో కాలయంత్రం తీశారంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది, పోయిన సంక్రాంతికి పిల్లలతో కూర్చుని మళ్లీ చూశాను. రామలింగడా రామకృష్ణుడా అన్నది మాత్రం నేను వదలను.

తెనాలి కుర్రాడు

మా ఊరాయన్ని రెండు పేర్లతోనూ పిలుస్తాం మేష్టారూ, మాకు ఇద్దరూ ఒకరే.

నిర్వాహకుడు, గవర్నర్‌పేట

ఆ సంగతి పక్కన పెట్టి దెయ్యం దగ్గరికి రండి. 'ఉన్నదెయ్య' మీద నా మాట: విరుపుకి పూర్తి మార్కులు, సంధికి సగం. ఆ ఎ ని నిలబెట్టే దారి ఎవరికైనా తడితే రాయండి. నేను రాత్రంతా ప్రయత్నించాను, తట్టలేదు.

అరండల్‌పేట అమ్మాయి

తెలుపు నలుపు బొమ్మ తిలకింప నాయన
పాత రోజులనుచు పరవశించె;
కనుల పొరలు మరచి కదలక కూర్చుండి
దెయ్యమును గనంగ దిగులు తీరె.

'భ్రమయుగం', 2024. మమ్ముట్టి బొమ్మ, మొత్తం నలుపు తెలుపుల్లోనే తీశారు. నాన్నకి రెండు కళ్లకీ శుక్లాలు. రంగుల బొమ్మలు పెడితే అన్నీ కలిసిపోయి కనపడుతున్నాయని టీవీ ముందు కూర్చోవడమే మానేశారు. ఇది పెడితే కుర్చీ ముందుకి లాక్కున్నారు. ఆ పాడుబడ్డ ఇల్లు, వాన, దీపం, పాచికలాట అన్నీ స్పష్టంగా తెలుస్తున్నాయన్నారు. మధ్యలో మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపారు.

బ్రాడీపేట బావ

తల్లీ, ఎక్కడా వేలు పెట్టడానికి లేదు. నాలుగు పాదాలూ నడిచాయి. 'కనుల పొరలు మరచి' దగ్గర కాసేపు ఆగాను.

కృష్ణలంక మేష్టారు

నేనూ అక్కడే ఆగాను. ఆపరేషన్ ఎప్పుడమ్మా?

అరండల్‌పేట అమ్మాయి

వచ్చే నెల మేష్టారూ. అయ్యాక 'ఆదిత్య 369' చూపించమని ఇప్పుడే అడుగుతున్నారు.

సింగ్‌నగర్ టీచరమ్మ

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి.

పొంగి వీధి ముంచె బుడమేరు; వారాన
దీపములు వెలింగె తిరిగి యింట;
మీట నొక్కినంత మెరసిన తెరమీద
దెయ్యమును గనంగ దిగులు తీరె.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. కింద ఇల్లంతా నీళ్లు, మేం పైన వాటాలో ఉన్నాం. మెట్ల మీద ఎనిమిదో మెట్టు దాకా వచ్చి ఆగింది. ఫోన్లు చచ్చిపోయాయి. రాత్రిళ్లు నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు, ఆ చీకట్లో కప్పల అరుపు కూడా భయంగానే ఉండేది. కరెంటు వచ్చిన రాత్రి మా అబ్బాయి అన్నిటికంటే ముందు టీవీ మీట నొక్కాడు. ఏదో ఛానెల్లో జుట్టు విరబోసుకున్న దెయ్యం గోడ మీద పాకుతోంది. మా అత్తగారు దాన్ని చూసి చేతులు జోడించి దణ్ణం పెట్టారు.

తెనాలి కుర్రాడు

అమ్మా, ఇది చదివి నా పద్యం వెనక్కి తీసుకోవాలనిపించింది.

కృష్ణలంక మేష్టారు

వెనక్కి తీసుకోకు, నీదీ బాగుంది. టీచరమ్మగారూ, మా కృష్ణలంకలో నది పొంగినప్పుడు రిటైనింగ్ వాల్ మమ్మల్ని కాచింది, మీకు ఏ అడ్డూ లేకపోయింది. ఆ వారం మా మేడ మీంచి అటు చూస్తూ చీకటి తప్ప ఏమీ కనపడక కూర్చున్నాం. పిన్నిగారితో నేనన్న మాట కూడా ఒకటి సవరించుకోవాలి. దెయ్యం నిజమా అబద్ధమా అన్నది ఈ పద్యంలో అసలు ప్రశ్నే కాదు.

బ్రాడీపేట బావ

'పొంగి'కి 'బుడమేరు' యతి చూశారా? ఆ ఏరు పేరు పద్యంలో ఇమడ్చడం కష్టం, నేను ఆ సెప్టెంబరులోనే ప్రయత్నించి వదిలేశాను. టీచరమ్మగారూ, ఆ బొమ్మ పేరేమిటి? చూస్తాను.

సింగ్‌నగర్ టీచరమ్మ

పేరు చూడలేదు బావగారూ. మధ్యలో వచ్చింది, సౌండు కూడా పెట్టలేదు. పక్క మేడకి ఇంకా కరెంటు రాలేదు. వాళ్ల పిల్లలు నలుగురు పిట్టగోడ దగ్గర నిలబడి మా కిటికీలోంచి చూస్తుంటే, మా అబ్బాయి టీవీని అటు తిప్పాడు.