వైజాగ్ ట్రాఫిక్‌కీ, జీడితోట బురదకీ ఒకటే పాత ఫోర్‌బైఫోర్ - ఏది తీసుకోవాలి?

జీడిపిక్క
అందరికీ నమస్తే. వైజాగ్‌లో ఉద్యోగం, రోజూ రానూపోనూ ఇరవై రెండు కిలోమీటర్లు సిటీ డ్రైవింగ్. అమ్మానాన్న నర్సీపట్నం అవతల గొలుగొండ వైపు ఉంటారు, అక్కడ మాకు ఆరెకరాల జీడితోట ఉంది. నెలకి రెండుసార్లైనా వెళ్తాను. తారురోడ్డు ఊరితో సరి, అక్కడి నుంచి తోట దాకా నాలుగు కిలోమీటర్లు ఎర్రమట్టి బాట, మధ్యలో ఒక గెడ్డ (వాగు). పిక్కలు ఏరే రోజుల్లో, అంటే మార్చి నుంచి మే దాకా, నా పాత స్విఫ్ట్ కూడా వెళ్లిపోతుంది. జూన్‌లో నాలుగు వానలు పడ్డాయంటే గెడ్డ మోకాల్లోతు వస్తుంది. అది దాటడం కంటే దాటాక అవతలి గట్టు ఎక్కడమే కష్టం, సబ్బు రాసినట్టు జారుతుంది. కిందటేడు ఆగస్టులో కారు ఇవతలే ఆపి నాన్నని నడిపించాను, ఆయనకి మోకాళ్ల నొప్పులు, వెళ్లి రావడానికి మూడు గంటలు పట్టింది. తోట చూడకుండా ఉండమంటే ఉండరు.

బడ్జెట్ 8 లక్షలు, రిపేర్లకి ఇంకో లక్ష పక్కన పెట్టాను. నాలుగు చక్రాలకీ ఇంజను బలం వెళ్లే బండ్లే చూస్తున్నాను: పాత మహీంద్రా థార్ సీఆర్‌డీఈ (డీజిల్), మారుతి జిప్సీ, టాటా సఫారీ స్టార్మ్ ఫోర్‌బైఫోర్, రెనో డస్టర్ ఏడబ్ల్యూడీ (ఆల్‌వీల్ డ్రైవ్). మా ఆవిడ షరతులు రెండు: ఏసీ గట్టిగా పనిచేయాలి, ఎయిర్‌బ్యాగులు ఉండాలి (పాప వయసు ఆరేళ్లు). నాకు ఫోర్‌వీల్ బండి నడిపిన అనుభవం సున్నా. కొనేముందు ఏం చూడాలో కూడా చెప్పండి, బ్రోకర్ చెప్పేది వింటే అన్నీ ‘డాక్టర్ గారి బండ్లే’.

గోదారిగట్టు
రాజమండ్రి నుంచి రాస్తున్నా, 2014 థార్ సీఆర్‌డీఈ ఆరేళ్లుగా నా దగ్గరే ఉంది, మారేడుమిల్లి వైపు ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. నా బండి అంటే నాకు ప్రాణం, అయినా మీకు వద్దనే చెప్తాను. 2.5 లీటర్ల ఇంజను, 105 గుర్రాల శక్తి, చేత్తో వేసే ట్రాన్స్‌ఫర్ కేస్ లీవరు (ముందు చక్రాలకీ బలం కలిపేది), లో గేర్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేది) వేస్తే యాక్సిలరేటర్ తొక్కకుండానే గట్టు మీదికి ముసలి ఎద్దులా నింపాదిగా ఎక్కేస్తుంది. మీ గెడ్డ దానికి ఒక లెక్కే కాదు. కానీ వెనక కమాన్ పట్టీలు, వెనక సీట్లు ఎదురుబొదురు బెంచీలు, ఎయిర్‌బ్యాగుల్లేవు. ఆరేళ్ల పాపని ఆ బెంచీ మీద కూర్చోబెట్టి హైవే మీద నర్సీపట్నం దాకా తీసుకెళ్తారా? మీ ఆవిడ మొదటి ట్రిప్పులోనే బండి అమ్మేయమంటారు, మా ఇంట్లో అదే జరిగింది, ఇప్పుడు ఇంటికి వేరే కారు, నాకు ఇది.

2020 అక్టోబర్‌లో వచ్చిన కొత్త తరం థార్ అయితే సంగతి వేరు, ముందుకి చూసే సీట్లు, ఎయిర్‌బ్యాగులు, గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో నాలుగు స్టార్లు. మీ బడ్జెట్ దాటుతుంది అనుకుంటా. దొరికిందే అనుకోండి, ఒక్క జాగ్రత్త: 2023 నుంచి అదే బండి రేర్‌వీల్ డ్రైవ్‌లో (వెనక చక్రాలకే బలం) కూడా అమ్ముతున్నారు, బయటికి అచ్చం ఒకేలా ఉంటుంది. గేర్ లీవర్ పక్కన రెండో లీవర్ లేకపోతే అది ఫోర్‌బైఫోర్ కాదు. మా ఫ్రెండ్ ఒకడు అడ్వాన్స్ ఇచ్చాక చూసుకున్నాడు.

కమాన్‌పట్టీ
జిప్సీ గురించి ఎవరూ మాట్లాడరేంటి! సుమారు టన్ను బరువు, 1.3 పెట్రోలు, 80 గుర్రాలు. మిగతావి దిగబడే చోట ఇది పైపైనే తేలిపోతుంది, దిగబడ్డా నలుగురు పట్టి తోస్తే బయటికి వస్తుంది. 1985లో వచ్చిన బండిని మిలిటరీ వాళ్లు, పోలీసులు దశాబ్దాల పాటు వాడారంటే ఊరికే కాదు. ఏ ఊళ్లో మెకానిక్ అయినా కళ్లు మూసుకుని విప్పేస్తాడు.

ఇక నిజం చెప్పాలి కదా: ఏసీ తర్వాత ఎవరో పెట్టించినది అయి ఉంటుంది, మైలేజీ సిటీలో పదొస్తే పండగ, ముందూ వెనకా కమాన్లే కాబట్టి గతుకుల్లో నడుము లెక్క చెప్తుంది. ఇంకొకటి, మిలిటరీ వేలంలో కొన్నవని తిరిగే జిప్సీలు చాలా ఉన్నాయి, వేలం కాగితాల దగ్గర్నుంచి మన రిజిస్ట్రేషన్ దాకా గొలుసు తెగకుండా ఉంటేనే ముట్టుకోండి. నాకు తెలిసి మీ ఆవిడ షరతులకి జిప్సీ ఫెయిల్, కానీ నాన్నగారికి నచ్చుతుంది :)

రెండుచక్రాలుచాలు
తిట్టుకోకండి గానీ, మీకు ఫోర్‌బైఫోర్ ఎందుకు? మీ నర్సీపట్నం నుంచే ఏజెన్సీకి వెళ్లే సర్వీసు జీపులు చూడండి, లోపల పదిహేను మంది, టాప్ మీద ఇంకో ఐదుగురు, వెనక వేలాడుతూ ఇద్దరు, వాటిలో చాలావరకు టూవీల్ డ్రైవే. ఏడాదికి ఎన్ని రోజులు గెడ్డ మోకాల్లోతు ఉంటుంది? మీరు నెలకి రెండుసార్లు వెళ్తారు, వానాకాలం నాలుగు నెలలు అనుకుంటే ఎనిమిది ట్రిప్పులు. ఎనిమిది ట్రిప్పుల కోసం మిగతా రోజులన్నీ ఎక్కువ బరువు, ఎక్కువ డీజిలు, ఎక్కువ రిపేరు మోస్తారా? ఒక మామూలు బొలెరో తీసుకుని వెనక చక్రాలకి మంచి ఆల్ టెర్రెయిన్ టైర్లు (రోడ్డుకీ మట్టికీ పనికొచ్చేవి) వేయండి, ఆ డబ్బుల్లో మిగిలింది పెట్టి గట్టు దగ్గర పది ట్రాక్టర్ల గ్రావెల్ పోయించండి. నాన్నగారు రోజూ వెళ్లొచ్చు, ఆటోలో కూడా.

జీడిపిక్క
@రెండుచక్రాలుచాలు గారూ, గ్రావెల్ మాట మా నాన్న కూడా అన్నారు, రెండేళ్ల క్రితం పోయించాం కూడా. ఒక్క తుపానుకి గెడ్డ తీసుకెళ్లి పక్కవాళ్ల పొలంలో పోసింది. వాళ్లు ఇప్పటికీ థాంక్స్ చెప్పలేదు.

పాతషెడ్డు
నాన్నకి గాజువాకలో షెడ్డు ఉండేది, నేను పానాలు అందిస్తూ పెరిగాను, ఇప్పుడు వేరే ఉద్యోగం. మోడల్ సంగతి తర్వాత, ముందు ఇది వినండి. పాత ఫోర్‌వీల్ బండ్లలో రెండు రకాలే చెడ్డవి. ఒకటి, ప్రతి ఆదివారం బురదలో కొట్టి కొట్టి వదిలినది. రెండోది ఎవరూ అనుమానించరు: ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఫోర్‌వీల్ వేయనిది. ఓనరు గర్వంగా ‘అసలు ఆఫ్‌రోడ్ చేయలేదండీ’ అంటాడు, లీవరో మోటారో బిగుసుకుపోయి ఉంటుంది, ఆయనకే తెలీదు.

అందుకని టెస్ట్ డ్రైవ్ తారురోడ్డు మీద చేసి రావద్దు. మట్టి ఉన్న ఖాళీ స్థలానికి తీసుకెళ్లండి. ముందు టూవీల్‌లో స్టీరింగ్ పూర్తిగా ఒకవైపుకి తిప్పి నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి, తర్వాత ఫోర్ హైలో (నాలుగు చక్రాలకీ బలం, మామూలు గేర్లు) పెట్టి అలాగే తిప్పండి. థార్, జిప్సీ, స్టార్మ్ లాంటి పార్ట్‌టైమ్ (కావాలన్నప్పుడే ఫోర్‌వీల్ వేసుకునే) సిస్టం అయితే బండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు బిగదీసుకోవాలి, ఎందుకంటే మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, మధ్యలో ఆ తేడా సర్దే డిఫరెన్షియల్ ఉండదు. బిగదీసుకుంటే ఫోర్‌వీల్ పడినట్టే, తేడా ఏమీ తెలియకపోతే ఆ డాష్‌బోర్డు మీద లైటు వెలిగినా నమ్మొద్దు. ఇదే కారణంగా ఎండిన తారురోడ్డు మీద ఫోర్ హై వేసి తిరగకూడదు, గేర్లు, క్రాసులు తినేస్తుంది. తర్వాత బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి ‘ఫోర్ లో’ (నాలుగు చక్రాలకీ బలం, లో గేర్) వేయించండి, మొదటి గేర్‌లో క్లచ్ పూర్తిగా వదిలేసి చిన్న ఎత్తు ఎక్కించండి. కరకరమంటే, లేదా లీవరు వెనక్కి తన్నుకొస్తే బేరం అక్కడే ఆపండి.

ఇంకొకటి, ఇది చాలామంది చూడరు. వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా) పక్కన ఆయిల్ పోసే బోల్టు ఉంటుంది, విప్పించి చిటికెనవేలు లోపలికి పెట్టి తీయండి. ఆయిల్ తేనె రంగులోనో నల్లగానో ఉంటే పర్వాలేదు, పాలెక్కువైన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. రోడ్డు మీద తిరిగి వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలోకి ఒక్కసారిగా దిగితే లోపలి గాలి ముడుచుకుపోయి సీలు సందుల్లోంచో గాలి పోయే బ్రీదర్‌లోంచో నీళ్లు పీల్చుకుంటుంది. మీరూ గెడ్డ దాటేముందు ఐదు నిమిషాలు ఆపండి, నాన్నగారితో కబుర్లు చెప్పండి, వానాకాలం అయిపోయాక ఆ ఆయిల్ ఒకసారి చూపించుకోండి.

బండి కిందికి టార్చి పట్టుకుని పాకండి. వైజాగ్ బండి కాబట్టి ఛాసిస్‌కి సముద్రపు తుప్పు, మరీ ముఖ్యంగా బీచ్‌లో తిప్పి కడగనివైతే వెనక స్ప్రింగులు తగిలే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే పొడి రాలుతుంది. కొత్తగా నల్ల అండర్‌కోటింగ్ మెరుస్తుంటే సంతోషించకండి, దాని కింద ఏముందో అని అనుమానించండి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, చివర మట్టి గీత ఉంటే వరద బండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన కార్లు అన్నీ తుక్కుకి పోలేదు, కొన్ని కడుక్కుని మళ్లీ మార్కెట్‌లోకి వచ్చాయి. నేనే ఒకటి దాదాపు కొనేశాను. పెద్ద ఎస్‌యూవీ, పేరెందుకులే, లోపల సెంటు వాసన గుప్పుమంది. స్టెప్నీ తీస్తే కింద ఎండిన ఒండ్రు, అందులో ఒక పిల్లాడి చెప్పు.

గోదారిగట్టు
@పాతషెడ్డు ఆ చెప్పు మాట చదివి ఒళ్లు జలదరించింది.

జీడిపిక్క గారూ, మీకైతే నా ఓటు డస్టర్ ఏడబ్ల్యూడీకి. లో గేర్ లేదు, అది నిజం, కానీ మొదటి గేర్ కావాలనే చాలా చిన్నది పెట్టారు. 1.5 లీటర్ల డీజిలు, 110 గుర్రాలు, ఆరు గేర్లు, వెనకాల కూడా ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఊగేది), గ్రౌండ్ క్లియరెన్స్ (నేల నుంచి ఎత్తు) 210 మిల్లీమీటర్లు. నాబ్‌ని లాక్‌లో పెడితే వెనక చక్రాలకీ బలం వెళ్తుంది, ఆటో మోడ్‌లో పెట్టి తారురోడ్డు మీద కూడా నిశ్చింతగా తిరగొచ్చు. హైవే మీద కారులాగే పోతుంది. పెద్ద రాళ్లకీ నడుంలోతు నీళ్లకీ కాదు, మీది ఆ కేసు కాదు కూడా. గట్టు ముందు ఒకసారి ఆగి లాక్ వేసి, ఒకే ఊపులో, కానీ రెచ్చిపోకుండా ఎక్కండి. మధ్యలో క్లచ్ మీద కాలు పెట్టి నిలబెడితే మాత్రం క్లచ్ కాలిన వాసన తోట దాకా వస్తుంది.

స్టార్మ్ కూడా తప్పు కాదు, అసలైన లో గేర్ ఉంది, మంచాలు వేసుకునేంత జాగా. కానీ వైజాగ్ పార్కింగులో రోజూ ఆ సైజు... మీ ఓపిక.

జీడిపిక్క
ఆదివారం రెండు చూశాను, అప్‌డేట్ ఇస్తున్నా.

మొదటిది స్టార్మ్. ఓనరు మంచాయన, టీ కూడా ఇప్పించారు. మట్టి స్థలంలో నాబ్ తిప్పితే లైటు మిణుకు మిణుకుమంటూనే ఉంది, స్థిరంగా వెలగలేదు, తిప్పుతుంటే బిగదీసుకోవడం లేదు. ‘ఎప్పుడైనా వేశారా సార్’ అంటే ‘కొన్న కొత్తలో షోరూం వాళ్లు వేసి చూపించారు బాబూ’ అన్నారు. పాతషెడ్డు గారూ, మీరు చెప్పిన రెండో రకం మనిషి నా ఎదురుగానే కూర్చుని బిస్కెట్ ప్లేటు జరిపారు.

రెండోది 2016 డస్టర్ ఏడబ్ల్యూడీ, లక్షా నాలుగు వేల కిలోమీటర్లు. చిటికెనవేలికి నల్ల ఆయిలే అంటింది, కాఫీ కాదు. సీటు బెల్టు శుభ్రం. ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి, ఏసీ మా ఆవిడ స్వయంగా పాస్ చేసింది. కానీ ముందు టైర్లు రెండూ కొత్తవి, వెనకవి వేరే బ్రాండు, బాగా అరిగినవి. రిజిస్ట్రేషన్ హర్యానాది, ఎన్‌ఓసీ (బండి వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అక్కడి ఆర్టీఓ ఇచ్చే కాగితం) తెచ్చి ఇస్తానంటున్నాడు. ధర అందుకే తక్కువ చెప్తున్నాడా?

పాతషెడ్డు
టైర్ల మాట తేలిక కాదు. ఏడబ్ల్యూడీలో ముందూ వెనకా చుట్టుకొలత తేడా ఉంటే, మధ్యలో ఉండే కప్లింగ్ (వెనక చక్రాలకి బలం కలిపే భాగం) తిన్నటి రోడ్డు మీద కూడా చక్రాలు జారుతున్నాయనుకుని పని చేస్తూనే ఉంటుంది, వేడెక్కుతుంది. నాలుగు టైర్ల ఖర్చు ధరలోంచి తగ్గించమనండి, కొన్న రోజే నాలుగూ ఒకే రకం వేయించండి, మీకు ఆల్ టెర్రెయిన్ చాలు, మడ్ టైర్లు వద్దు, హైవే మీద తేనెటీగల తుట్టెలా హోరెత్తుతాయి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి, బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క, ఆ బెల్టు తెగితే ఇంజనే పాడవుతుంది.

రెండుచక్రాలుచాలు
సరే, ఓడిపోయాను, కాగితాల సంగతైనా చెప్తాను. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షల వల్ల అక్కడివి ఏళ్లుగా మనవైపు వస్తున్నాయి, బండి మంచిదే కావచ్చు కానీ చౌక అన్నది సగమే నిజం. ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ లెక్క ముందే ఆర్టీఓ ఆఫీసులో వేయించుకుని ధరకి కలపండి. ఎన్‌ఓసీ అంటే ఫారం 28, చేతికి రాకముందు పూర్తి డబ్బులు ఇవ్వొద్దు. ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని చెప్పే ఫారం 35, బ్యాంకు లెటరు. ఛాసిస్ నంబరు కాగితం మీద చదవడం కాదు, బండి మీద వేలు పెట్టి ఒక్కో అంకె సరిచూడండి. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లో మీ పేరుకి మార్పించుకోండి. కొన్నాక ఎవరో యూట్యూబ్‌లో చెప్పారని లిఫ్ట్ కిట్లు, ముందు ఇనుప గార్డులు వేయించకండి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద కేసు, పైగా గార్డు ఉంటే ఎయిర్‌బ్యాగు సరిగ్గా తెరుచుకోకపోవచ్చు.

జీడిపిక్క
బెల్టు బిల్లు లేదు. టైర్లు, బెల్టు, ట్యాక్స్ అన్నీ కాగితం మీద రాసి అతని ముందు పెట్టాను, కాసేపు గోడ వైపు చూసి 85 వేలు తగ్గించాడు. ఎన్‌ఓసీ వచ్చాకే మిగతా డబ్బులు అని రాసుకున్నాం, టోకెన్ పదివేలు ఇచ్చాను.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి లాక్ మోడ్, గ్రౌండ్ క్లియరెన్స్ అంతా పావుగంట చెప్పాను. అంతా విని, ‘వెనకాల పిక్కల బస్తాలు ఎన్ని పడతాయి?’ అన్నారు. సీట్లు మడిచి కొలవడం మర్చిపోయాను, శనివారం మళ్లీ వెళ్తున్నా.