గ్రామసభ చేతికి అడవి ఇస్తే అడవి మిగులుతుందా?

ఇంద్రావతి_ఒడ్డు:
ఉపగ్రహ చిత్రాలతో నేల వాడకాన్ని లెక్కగట్టే మ్యాప్‌బయోమాస్ వాళ్లు బ్రెజిల్ గురించి ఒక లెక్క ఇచ్చారు. 1990 నుంచి 2020 వరకు ఆదివాసీ భూముల్లో సహజమైన పచ్చదనం 1 శాతమే పోయిందట. ప్రైవేటు భూముల్లో 20.6 శాతం. మన మహారాష్ట్రలో, గడ్చిరోలి జిల్లా ధానోరా తాలూకాలోని మేండా-లేఖ అనే ఊరికి దేశంలోనే అందరికంటే ముందు, 2009లో, 2006 అటవీ హక్కుల చట్టం కింద దాదాపు 1,800 హెక్టార్ల మీద సామూహిక అటవీ హక్కు, అంటే ఊరంతా కలిసి అడవిని వాడుకుని కాపాడుకునే హక్కు, దక్కింది. ఇంత జరిగినా మా సిరొంచ వైపు ఎవరిని కదిపినా అడవి సర్కారు చేతిలో ఉంటేనే మేలంటారు. ఎందుకని?

టేకుమాను:
ఎందుకంటే అమెజాన్ ఏడాదంతా తడి ఆరని అడవి, మనది ఎండాకాలం మోడుబారే టేకు అడవి. అక్కడి లెక్క తెచ్చి ఇక్కడ అతికిస్తే అతకదు. మా నాన్న ఆలపల్లి వైపు ఫారెస్టు గార్డుగా చేశారు. మార్చి వచ్చిందంటే కంచం ముందు నుంచి లేచి పరుగెత్తడమే. ఇప్పచెట్టు కింద రాలిన ఆకును ఊడ్చి నిప్పంటిస్తారు. నేల నల్లగా, నున్నగా అయితే తెల్లవారుజామున రాలిన పువ్వు కంటికి ఆనుతుంది, ఏరుకోవడం సులువు. ఆ నిప్పు చెట్టు కిందే ఆగుతుందా? బీడీ ఆకు ఇచ్చే తునికి పొదలు కొత్త చిగురు వేయాలని ఇంకొకరు ఇంకో చోట అంటిస్తారు. అది పాకిన చోట వేలెడంత మొక్క మిగలదు. హక్కు ఎవరికైనా ఇవ్వండి. నిప్పు ఎవరు ఆపుతారో చెప్పి ఇవ్వండి.

గుణుపురం_వాసి:
ఒడిశాలో మా రాయగడ జిల్లా వైపు నియమగిరి కొండలను బాక్సైట్ కోసం తవ్వాలని చూసింది ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లు కాదండీ. 2008లో కేంద్ర పర్యావరణ శాఖ సూత్రప్రాయంగా సరేనంది. 2010లో కాదంది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ ఊళ్లనే అడగండి అంది. రాయగడలో ఏడు, కలహండిలో ఐదు గ్రామసభలు జరిగాయి. అక్కడి ఆదివాసులైన డోంగ్రియా కోందులు మొదలుకొని అక్కడున్న అందరూ పన్నెండుకు పన్నెండు చోట్లా వద్దన్నారు. ఢిల్లీ రెండేళ్లలో మాట మార్చింది, ఊళ్లు మార్చలేదు.

చిరుజల్లు:
గని తవ్వే రోజున ఎన్ని మొక్కలు పోతాయని టేకుమాను గారు ఎవరినైనా అడిగారా?

టేకుమాను:
నేను గనులను వెనకేసుకొచ్చానా? ఏ వాక్యంలో? నిప్పు సంగతి అడిగాను. ఇంతవరకు ఒక్కరూ జవాబివ్వలేదు.

ఇంద్రావతి_ఒడ్డు:
జవాబు పక్క జిల్లాలోనే ఉంది. చంద్రపూర్ జిల్లా గోండ్‌పిప్రి తాలూకా పాచ్‌గావ్‌కు 2012లో సామూహిక హక్కు వచ్చింది. వెదురు కొట్టి అమ్ముకుంటారు. తునికాకు మాత్రం మానేశారు. ఆకు కావాలంటే కొమ్మలు నరకాలి, నిప్పు పెట్టాలి, అది అడవికి చేటు అని వాళ్లే సభలో తేల్చుకున్నారు. చేతికొచ్చే డబ్బు వదులుకున్నారు. హక్కు లేని ఊరు ఇదే తీర్మానం చేస్తే చిత్తు కాగితంతో సమానం. ఆకు వేలం వేసేది ఇంకొకరు కదా.

టేకుమాను:
సరే, ఒక ఊరు. మిగతావాటి సంగతి?

పెసరచేను:
అందరూ గ్రామసభ అని ఒకటే భజన. ప్రాణహిత వైపు అడవి అంచున మా తాత కొట్టిన రెండెకరాల చేను ఉంది. మేము ఆదివాసులం కాదు. హక్కు కోసం దరఖాస్తు పెడితే 75 ఏళ్ల రుజువు లేదని తోసేశారు. గట్టుకు అవతలి చేనుకు పట్టా వచ్చింది, ఎందుకంటే వాళ్లు ఆదివాసులు, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నామని చూపిస్తే చాలు. గట్టు ఒకటే, నేల ఒకటే, అడవిపందులు కూడా ఇద్దరి చేలోనూ పడతాయి. రేపు అడవంతా గ్రామసభది అంటే మా గొడ్లు ఎక్కడ మేయాలి?

గుణుపురం_వాసి:
గ్రామసభలో మీరూ సభ్యులే కదండీ. వయసొచ్చిన ప్రతి మనిషీ సభ్యుడే.

పెసరచేను:
సభ్యుణ్నే. నేను చెయ్యెత్తినా దించినా ఒకటే.

టేకుమాను:
చూశారా? అందుకే అటవీ సిబ్బంది ఉండాలి అంటున్నది. ఎవరికైనా ఒకే నిబంధన.

పెసరచేను:
మా ఎద్దులను తోలుకుపోయి బందెలదొడ్డిలో కట్టించింది గార్డేనండీ. రసీదు లేని డబ్బు కట్టి విడిపించుకున్నాం. నన్ను మీ వైపు లాక్కోకండి.

టేకుమాను:
ఎవరో చేసినదానికి అందరినీ అంటారా? అర్ధరాత్రి పచ్చి కొమ్మతో మంట కొట్టినవాడి కొడుకును నేను. ఆ కాలిన చేతులు చూసి మాట్లాడండి.

వేసవి_మబ్బు:
చర్చ అడవి దాటి చాలా దూరం వచ్చింది.

కొండపోడు:
దాటలేదు, ఇప్పుడే అడవిలోకి వచ్చింది. మాది ఒడిశా గజపతి జిల్లా, సవర ఆదివాసీ ఇల్లు. ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. ఒకరు మమ్మల్ని మంచి కాపలాదారులని మెచ్చుకుంటున్నారు, ఇంకొకరు నిప్పు పెట్టేవాళ్లంటున్నారు. ఇద్దరి ప్రశ్నా ఒకటే, వీళ్లకు ఇస్తే అడవికి లాభమా నష్టమా అని. మీ పట్టా పొలంలో వేపచెట్టు కొట్టేశారని ఏ తహసీల్దారైనా వచ్చి పట్టా రద్దు చేశాడా? మీకు భూమి ఆస్తి. మాకు మాత్రం అది ఉద్యోగమా, పని బాగా చేస్తేనే ఉంచడానికి? ఇంద్రావతి గారూ, రేపు మీ బ్రెజిల్ లెక్క 1 కాస్తా 5 అయితే నేల వెనక్కి తీసుకుంటారా? 2006 అటవీ హక్కుల చట్టం పీఠికలో రాసింది చారిత్రక అన్యాయం అని. బహుమానం అని కాదు.

ఇంద్రావతి_ఒడ్డు:
మీ కోపం న్యాయమే. కానీ సచివాలయంలో న్యాయం పేరు చెబితే ఫైలు కదలదు, చెట్ల లెక్క చెబితే కదులుతుంది. నేను ఆ లెక్క వాడతాను, మానను. అమెజాన్ మీద 2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, తుది ప్రకటన, నమోదు పూర్తయిన ఆదివాసీ భూముల్లోనే నరికివేత తగ్గింది. సగంలో ఆగిన చోట తేడా కనబడలేదు. మనవాళ్లు చేస్తున్నది ఆ సగం పనే. హక్కు కాగితం ఇస్తారు, వెదురు రవాణా అనుమతి మాత్రం అటవీ శాఖ చేతిలోనే పెట్టుకుంటారు. మేండా-లేఖకే హక్కు 2009లో వస్తే, ఆ అనుమతి పుస్తకం 2011 ఏప్రిల్లో గానీ రాలేదు. అదీ కేంద్రమంత్రి, ముఖ్యమంత్రి స్వయంగా ఊరికి వచ్చి ఇస్తే.

టేకుమాను:
బ్రెజిల్ అంటే నేనూ చెబుతాను. అక్కడి యానోమామి ఆదివాసుల భూమి 1992లోనే ఖరారైంది. మీరన్న సగం పని కాదు, పూర్తి పని. అయినా బంగారం తవ్వేవాళ్లు వేలమంది చొరబడ్డారు. నదిలో పాదరసం, పిల్లలకు తిండి లేదు, చివరికి 2023 జనవరిలో అక్కడి ప్రభుత్వం ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది. బలగం దిగాకే తవ్వేవాళ్లు కదిలారు. ఊరి తీర్మానం తుపాకీని ఆపదు.

కొండపోడు:
చొరబడినవాళ్లను తరమడం ప్రభుత్వం పని. దానికి మా హక్కును ఎందుకు తక్కెడలో వేస్తారు? మీ ఇంట్లో దొంగ పడితే పోలీసులు వస్తారు, ఇల్లు పోలీసులది అయిపోదు.

నిర్వాహకుడు:
ఇళ్లలోవాళ్లను, నాన్నలను వదిలేసి రాయండి.

పెసరచేను:
కొండపోడు గారి మాట నాకూ వర్తించాలి కదా. నా నేల దగ్గరికి వచ్చేసరికి 75 ఏళ్లు. పాత కాగితం ఎక్కడి నుంచి తేను? ఇంట్లో ఉన్నదంతా చెదలు తినేసింది.

గుణుపురం_వాసి:
కాగితమే కావాలని నిబంధనల్లో లేదండీ. 75 ఏళ్లుగా ఆ ప్రాంతంలో ఉంటూ అడవి మీద బతికామని చూపాలి, ఆ చేనునే అన్నేళ్లు దున్నామని కాదు. పాత బావి, గట్లు, మీవాళ్ల సమాధులు పనికొస్తాయి. ఊరి పెద్దలు చెప్పింది రాయించినా రుజువే, కాకపోతే వాళ్లు మీ దరఖాస్తులో వాటాదారులు కాకూడదు. ఒక్కటి సరిపోదు, వీటిలో రెండైనా ఉండాలి. తోసేసిన కారణం రాతలో ఇచ్చారా లేదా అడగండి.

పెసరచేను:
బావి ఉంది. మా ఊళ్లో ఎనభై దాటినవాళ్లు ఇద్దరే. ఇద్దరూ గట్టుకు అవతలి ఇంటివాళ్లే.

కొండపోడు:
అయితే వెళ్లి అడగండి.