ఎన్440కె అప్పుడెందుకు వెనకబడింది, ఒమిక్రాన్‌లో మళ్లీ ఎలా వచ్చింది?

ప్రశ్న:
2021 మేలో కరోనా ‘ఏపీ స్ట్రెయిన్’ అంటూ ఎన్440కె పేరు మారుమోగింది. తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లకు ఢిల్లీలో 14 రోజుల క్వారంటైన్ కూడా పెట్టారు. కొన్ని నెలలకే దాని ఊసు లేదు. ఒమిక్రాన్ మ్యుటేషన్ల జాబితాలో చూస్తే మళ్లీ అదే ఉంది. ఇదెలా అండీ?

జవాబు 1:
‘స్ట్రెయిన్’ అనడంలోనే తికమక మొదలైంది. ఎన్440కె ఒక్క మార్పు: వైరస్ మన కణాలకు అతుక్కునే స్పైక్ ప్రోటీన్ 440వ స్థానంలో ఆస్పరజిన్ (ఎన్) అనే అమైనో ఆమ్లం పోయి లైసిన్ (కె) వచ్చింది. కరోనా జన్యుక్రమం సుమారు 29,900 అక్షరాలు. కాపీలో పడే తప్పుల్ని దిద్దే ఎంజైమ్ (ఎన్‌ఎస్‌పీ14) ఉన్నా కొన్ని తప్పించుకుంటాయి. ఒక వంశంలో నెలకు దాదాపు రెండు మార్పులు నిలుస్తాయి. కొన్ని మార్పులు కలిసి ఒక వంశంగా పాకితేనే వేరియంట్.

అప్పట్లో ఎన్440కె ఎక్కువగా బి.1.36 వంశంలో ఉండేది. అదే సమయానికి డెల్టా వచ్చింది. దాని పీ681ఆర్ అనే స్పైక్ మార్పు వల్ల స్పైక్ తేలిగ్గా తెగి, వైరస్ కణంలోకి దూరడం సులువైంది. బి.1.36 వెనకబడింది. బండి ఆగితే ఎక్కినవాళ్లూ ఆగినట్టే.

జవాబు 2:
పై జవాబుకు ఒక చేర్పు. ఒమిక్రాన్ బి.1.36 సంతానం కాదు, అదే మార్పు విడిగా మళ్లీ పుట్టింది. 2021 నవంబరు నాటికి జనంలో యాంటీబాడీలు బాగా ఉన్నాయి. 440వ స్థానం కొన్ని యాంటీబాడీలు పట్టుకునే చోటే కాబట్టి, అక్కడి మార్పు అప్పటికి వైరస్‌కు లాభసాటి అయింది. స్పైక్‌లోనే 30కి పైగా మార్పులు ఒక్కసారిగా ఎలా పోగయ్యాయంటే, రోగనిరోధకత తగ్గిన వ్యక్తిలో నెలల తరబడి సాగిన ఇన్ఫెక్షన్ అన్నది బలమైన ఊహ. నిరూపణ కాలేదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి కొన్ని ఒమిక్రాన్ సీక్వెన్సుల్లో (ల్యాబ్‌లో చదివిన జన్యుక్రమాల్లో) ఎన్440కె లేదేం?

జవాబు 3:
చాలావరకు అది ల్యాబ్ లోపం. ఆర్టిక్ అనే సీక్వెన్సింగ్ పద్ధతిలో జన్యుక్రమాన్ని సుమారు 400 అక్షరాల ముక్కలుగా కాపీలు తీసి పెంచుతారు. కాపీని మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ తునక (ప్రైమర్) అతుక్కునే చోటే మ్యుటేషన్ పడితే ఆ ముక్క పెరగదు. వీ4 (నాలుగో వెర్షన్) ప్రైమర్లతో ఒమిక్రాన్ 76వ ముక్కకు ఇదే జరిగింది. ఆ ముక్కలోని మార్పులు కె417ఎన్, ఎన్440కె, జీ446ఎస్ మూడూ గల్లంతు. వీ4.1లో ప్రైమర్లు చేర్చి సరిచేశారు. రీడ్లు (యంత్రం చదివిన చిన్న ముక్కలు) లేనిచోట ‘ఎన్’ అని రావాలి (ఇది ‘తెలియదు’ అనే ఎన్, ఆస్పరజిన్ కాదు!). సాఫ్ట్‌వేర్ అక్కడ మొదటి వుహాన్ వైరస్ అక్షరాలు నింపేస్తే మ్యుటేషన్ లేనట్టే కనిపిస్తుంది. జాబితా నమ్మేముందు ఆ స్థానంలో ఎన్ని రీడ్లున్నాయో చూడండి. పీసీఆర్ పరీక్షలో సీటీ విలువ 30 దాటిన (అంటే వైరస్ తక్కువున్న) శాంపిళ్లయితే మరీ జాగ్రత్త.