వెహికల్ సేఫ్టీ టెస్టింగ్ ల్యాబుల్లో ఇంటర్న్‌షిప్: వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

గోదారి_మెకానికల్:
కాకినాడలో మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నా. ఆఖరి సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. మా బ్యాచ్‌లో చాలామంది ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకునే ఆలోచనలో ఉన్నారు. నాకేమో బండ్ల సేఫ్టీ అంటే ఇష్టం. క్రాష్ టెస్టులు, బ్రేకుల రూల్స్, అవి ఎవరు రాస్తారు, ఎవరు చెక్ చేస్తారు... కంపెనీ వైపు నుంచి కాదు, ప్రభుత్వం వైపు నుంచి చూడాలనుంది. మా సార్‌ని అడిగితే "ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి అడుగు" అని పంపించేశారు. అసలు ఎక్కడికి రాయాలి? తెలిసినవాళ్లెవరూ లేకపోయినా దొరుకుతుందా? స్టైపెండ్ లేకపోతే ఊరుగాని ఊళ్లో ఎలా ఉంటావని ఇంట్లో ఒకటే టెన్షన్.

హోమోలోగేషన్_బాబాయ్:
ముందు ఎవరి పని ఏమిటో తెలుసుకో తమ్ముడూ. రూల్ పెట్టేది ఢిల్లీ రవాణా భవన్‌లో ఉన్న కేంద్ర రోడ్డు రవాణా శాఖ. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ఉన్నాయి, ఈ లైన్‌లో అందరూ సీఎంవీఆర్ అంటాం. అందులో 126వ రూల్ చదువు. కొత్త మోడల్ అమ్మాలంటే ముందు దాని నమూనాని ఆ రూల్‌లో పేరున్న సంస్థల్లో ఒకదానికి ఇచ్చి పాస్ చేయించుకోవాలి. పూణెలో ఏఆర్ఏఐ, సీఐఆర్‌టీ, మానేసర్‌లో ఐక్యాట్, చెన్నై దగ్గర ఒరగడంలో జీఏఆర్‌సీ, అహ్మద్‌నగర్‌లో (ఇప్పుడు అహిల్యానగర్) డీఆర్‌డీఓ వాళ్ల వీఆర్‌డీఈ, ఇలా కొన్ని ఉన్నాయి. నువ్వు రాయాల్సింది వీటికి. నేరుగా మంత్రిత్వ శాఖకి రాస్తే ఏ ఫైల్లో పడుతుందో దేవుడికే తెలుసు.

ఇంకో మాట. ఇవన్నీ అచ్చంగా సర్కారీ ఆఫీసులు అనుకోకు. ఏఆర్ఏఐని 1966లో ఆటోమొబైల్ పరిశ్రమ, ప్రభుత్వం కలిసి పెట్టుకున్నాయి. అది భారీ పరిశ్రమల శాఖ కిందికి వస్తుంది, రూల్స్ ఏమో రవాణా శాఖవి. ఇంటర్వ్యూలో ఇదే అడుగుతారు, చాలామంది నీళ్లు నములుతారు.

ఒరగడం_రిటర్న్:
నాది తిరుపతి. ఇల్లు దగ్గరని చెన్నై వైపు ట్రై చేశాను. నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే పని జరగదు. కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ సంతకం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ ల్యాబ్‌లో చెయ్యాలనుకుంటున్నావు, గైడ్ ఎవరు... ఇవి ఉన్న ఉత్తరం ఉంటేనే మెయిల్ ముందుకు కదులుతుంది. "ఎక్కడైనా సరే సార్" అని రాశావా, ఎక్కడా ఇవ్వరు. నేను బ్రేక్స్ అని రాశాను, బ్రేక్స్‌లోనే వేశారు.

రూముల సంగతి: ఒరగడం చుట్టూ ఫ్యాక్టరీలే కాబట్టి షేరింగ్ రూములు దొరుకుతాయి. సింగపెరుమాళ్ కోయిల్ దాకా లోకల్ ట్రైన్ ఉంది, అక్కణ్ణుంచి బస్సు. భోజనం గురించి మాత్రం అడగొద్దు, పచ్చడి సీసా పట్టుకెళ్లు.

గోదారి_మెకానికల్:
అన్నా, లోపల పని ఎలా ఉంటుంది? కార్లు గుద్దడం చూడనిస్తారా?

క్రాష్‌ల్యాబ్_మాజీ:
అది నేను చెప్తాను. పేర్లు వద్దు గానీ, ఇలాంటి ఒక ల్యాబ్‌లోనే చేశాను. చూడనిస్తారు. కాకపోతే గుద్దడం అనేది సెకను కూడా పట్టదు. దానికి ముందు రోజుల తరబడి తయారీ ఉంటుంది, నీ పని ఆ తయారీలోనే.

ఉదాహరణకి ట్యాంకులో పెట్రోల్ తీసేసి బరువు తగ్గకుండా నీళ్లు పోస్తారు. డమ్మీలని (మనుషుల బదులు సీట్లలో పెట్టే సెన్సర్ల బొమ్మలు) ఇష్టమొచ్చినట్టు కూర్చోబెట్టరు. తుంటి, మోకాలు, తల ఏ బిందువు దగ్గర ఉండాలో కొలిచి, రాసి, మళ్లీ కొలుస్తారు. డమ్మీ పక్కటెముకల స్పందన వేడికి మారిపోతుంది కాబట్టి టెస్టుకి ముందు వాటిని 19 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంచాలి. బయట మే నెల ఎండ మాడ్చేస్తుంటే డమ్మీలు ఏసీలో, మనం ఎండలో. దాని ముఖానికి, మోకాళ్లకి రకరకాల రంగులు పూస్తారు. గుద్దాక ఎయిర్‌బ్యాగ్ మీద ఏ రంగు అంటింది, స్టీరింగ్ కింద ఏ రంగు ఉంది అని చూస్తే ఏ భాగం ఎక్కడ తగిలిందో తెలిసిపోతుంది. ఆ రంగు మరకల ఫోటోలు తీసి, పేర్లు పెట్టి, వరసలో పెట్టడం నా డ్యూటీ. తక్కువ పని అనుకున్నా మొదట. కానీ సెన్సర్ గ్రాఫ్‌లో తల దగ్గర ఒక ముల్లులా లేచిన గీత దేనివల్ల వచ్చిందని చర్చ వచ్చినప్పుడు ఆ ఫోటోలే తెరిచారు.

గుద్దిన వెంటనే అందరూ బండి మీద పడిపోరు. పనిముట్లు లేకుండా తలుపులు తెరుచుకుంటున్నాయా, ట్యాంకు నుంచి కారడం నిమిషానికి 30 గ్రాములు దాటుతోందా, ముందు ఇవి చూస్తారు.

హోమోలోగేషన్_బాబాయ్:
బాగా చెప్పావు. ఇక్కడే పిల్లలు ఒక దగ్గర బోల్తా పడతారు. ఏఐఎస్ అంటే మన దేశంలో బండ్లకి రాసిన ఆటోమోటివ్ ఇండస్ట్రీ స్టాండర్డ్. అందులో ఏఐఎస్-098 అని ముందు నుంచి గుద్దే టెస్టు, గంటకి 56 కిలోమీటర్లు. ఇది చట్టం, పాస్ కాకపోతే ఆ కారు అమ్మడానికి లేదు. భారత్ ఎన్‌క్యాప్ అనే సేఫ్టీ రేటింగ్ పథకంలో 64. అది 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, దాని స్టాండర్డ్ ఏఐఎస్-197. స్టార్లు ఇచ్చేది అందులో, అది కంపెనీ ఇష్టపడి చేయించుకునేది. "స్టార్ రాలేదు కాబట్టి ఆ కారు ఇల్లీగల్" అని వాదించే మహానుభావులు మన ఫోరమ్‌లోనే ఉన్నారు.

పేరు_వద్దు_బాస్:
అందరూ మంచే చెప్తున్నారు, నా అనుభవం కూడా వినండి. నేను వెళ్లిన చోట స్టైపెండ్ మాట దేవుడెరుగు, ఫీజు నేనే కట్టాను. మొదటి నెలంతా జిరాక్సులు, పాత రిపోర్టుల స్కానింగ్. క్రాష్ ట్రాక్ వైపు వెళ్తే "కస్టమర్ బండి ఉంది, కాన్ఫిడెన్షియల్" అని గేటు దగ్గరే ఆపేశారు. ఫోన్ కెమెరాకి స్టిక్కర్. చివరికి రిపోర్టులో రాసుకోవడానికి ఏమీ లేదు, గూగుల్ నుంచి బొమ్మలు పెట్టుకున్నా. వెళ్లే ముందు ఫీజు ఉందా, గైడ్ పేరేమిటి, రిపోర్టులో ఏ డేటా వాడుకోవచ్చు, ఈ మూడూ మెయిల్‌లో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఫోన్‌లో చెప్పింది చెల్లదు.

క్రాష్‌ల్యాబ్_మాజీ:
కాన్ఫిడెన్షియల్ విషయం నిజమే బాస్, అందులో వాళ్ల తప్పు లేదు. ఇంకా మార్కెట్‌లోకి రాని మోడళ్లు ఉంటాయి. జిరాక్సుల నెల మాత్రం అన్యాయం.

హోమోలోగేషన్_బాబాయ్:
పేపర్ పని అంటే మరీ అంత చులకన వద్దు. ఏఐఎస్-007 అని ఒకటుంది. కంపెనీ తన బండి గురించి ఇవ్వాల్సిన టెక్నికల్ వివరాల పట్టికలు. టైరు సైజు నుంచి బ్రేకు వివరాల దాకా అన్నీ రాయాలి. ఒక ఇంటర్న్ ఆ పట్టికని, గ్యారేజీలో ఉన్న అసలు బండిని పక్కపక్కన పెట్టి చూస్తూ, కాగితంలో ఒక టైరు సైజు, బండికి ఇంకో సైజు ఉన్నాయని పట్టుకుంది. టెస్టు ఆగిపోయింది. ఆ అమ్మాయికి తర్వాత అక్కడే ప్రాజెక్టు ఇచ్చారు. రెగ్యులేషన్ అంటేనే ఇది నాయనా, కాగితం మీద రాసిందీ రోడ్డు మీదికి వచ్చిందీ ఒకటేనా అని చూడటం. 126-ఏ రూల్ కింద ఫ్యాక్టరీ నుంచి వస్తున్న బండ్లని మళ్లీ తనిఖీ చేసేదీ అందుకే.

సెల్_అక్క:
పూణె, చెన్నై అనే ముందు హైదరాబాద్ వైపు ఒకసారి చూడండి. 2022లో ఎలక్ట్రిక్ స్కూటర్లు అంటుకోవడం గుర్తుందిగా? విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలింది, సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో స్కూటర్ల షోరూమ్ ఉన్న బిల్డింగ్‌లో మంటలకి పైన లాడ్జిలో ఉన్నవాళ్లు చనిపోయారు. ఆ ఏడాది బ్యాటరీ రూల్స్ గట్టిపరచడానికి కేంద్రం వేసిన నిపుణుల కమిటీకి అధ్యక్షుడు మన హైదరాబాద్ ఏఆర్‌సీఐకి అప్పటి డైరెక్టర్ టాటా నర్సింగరావు గారు. దాని తర్వాతే ఎలక్ట్రిక్ టూవీలర్ల బ్యాటరీ సేఫ్టీ స్టాండర్డ్ ఏఐఎస్-156కి సవరణలు వచ్చాయి, 2022 డిసెంబర్ 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత.

ఏఆర్‌సీఐ బాలాపూర్‌లో ఉంది. అది మెటీరియల్స్ రీసెర్చ్ సంస్థ, సర్టిఫికెట్ ఇచ్చే ల్యాబ్ కాదు. కానీ ఒక సెల్ వేడెక్కి పక్క సెల్‌ని ఎలా అంటిస్తుందో అర్థం కాకుండా బ్యాటరీ రూల్ అర్థం కాదు. మెకానికల్ వాళ్లు హీట్ ట్రాన్స్‌ఫర్ మళ్లీ తిరగేసి వెళ్లండి. నన్ను మొదటి రోజు అడిగింది అదే.

డిప్లొమా_అనంతపురం:
డిప్లొమా వాళ్లకి ఏమైనా ఉందా? పూణె మా వల్ల కాదు.

సెల్_అక్క:
మీ జిల్లాలోనే ఉందయ్యా! గార్లదిన్నెలో కేంద్ర వ్యవసాయ శాఖ వాళ్ల యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. కార్లు రావు, వ్యవసాయ యంత్రాలే. టెస్టు ఎలా చేస్తారు, రిపోర్టు ఎలా రాస్తారు అనేది అక్కడా నేర్చుకోవచ్చు. ముందు వెళ్లి అడుగు.

రిటైర్డ్_ఎంవీఐ:
ఆర్టీవో ఆఫీసు అనగానే అందరూ నవ్వుతున్నట్టున్నారు. ఆ సార్ చెప్పింది పూర్తిగా తప్పు కాదు. ప్రమాదం జరిగిన ప్రతి పెద్ద కేసులో పోలీసులు మమ్మల్ని, అంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్లని (ఎంవీఐ) పిలుస్తారు. బ్రేకులు పనిచేస్తున్నాయా, స్టీరింగ్ పట్టు ఉందా, టైర్లు ఎలా ఉన్నాయి చూసి రిపోర్టు ఇవ్వాలి. నుజ్జునుజ్జయిన లారీ కింద పడుకుని ఎయిర్ బ్రేక్ పైపు గుద్దుకున్నప్పుడు తెగిందా, ముందే తెగి ఉందా అని తేల్చడం ఏ ల్యాబ్‌లోనూ నేర్పరు. తెగిన చోట అంచులు చూడాలి, అక్కడ పాత మట్టి, తుప్పు ఉన్నాయా చూడాలి. ముందే తెగినదైతే కేసు ఇంకోలా ఉంటుంది.

అయితే ఆఫీసులో ఇంటర్న్‌షిప్ అని పద్ధతిగా ఏమీ ఉండదు, అధికారిని బట్టి. ప్రమాదాల డేటా మీద ఆసక్తి ఉంటే ఐఐటీ మద్రాస్ వాళ్ల రోడ్డు భద్రత కేంద్రానికి రాయండి. దేశమంతా ప్రమాదాల వివరాలు నమోదు చెయ్యడానికి వాడుతున్న ఐరాడ్ వ్యవస్థని ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీతో కలిసి తయారు చేసింది వాళ్లే.

ఒహాయో_తెలుగోడు:
అమెరికాలో ఎంఎస్ చేస్తున్నవాళ్ల కోసం ఒక ముక్క. ఇక్కడ బండ్ల సేఫ్టీ రూల్స్ చూసేది నిట్సా అని (ఎన్‌హెచ్‌టీఎస్ఏ) ఫెడరల్ సంస్థ. దాని టెస్ట్ సెంటర్ ఒహాయోలో ఈస్ట్ లిబర్టీలో ఉంది. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద ఉంటే అక్కడ ఆశలు పెట్టుకోకండి, ఫెడరల్ ఇంటర్న్‌షిప్‌లకి మామూలుగా అమెరికా పౌరసత్వం అడుగుతారు. దాని పక్కనే ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ సెంటర్ ఉంది. ఆన్ ఆర్బర్‌లో యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ వాళ్లది, బ్లాక్స్‌బర్గ్‌లో వర్జీనియా టెక్ వాళ్లది రీసెర్చ్ సంస్థలు ఉన్నాయి. సీపీటీ (చదువులో భాగంగా పనిచెయ్యడానికి ఇచ్చే అనుమతి) మీద అడగాలంటే అలాంటి చోట్ల.

ఇంకో తేడా. ఇక్కడ అమ్మే ముందు ప్రభుత్వం టెస్టు చేసి సర్టిఫికెట్ ఇవ్వదు. కంపెనీయే "రూల్స్ ప్రకారం ఉంది" అని ప్రకటించుకుంటుంది. తర్వాత ప్రభుత్వం మార్కెట్‌లోంచి బండ్లు కొని పరీక్షిస్తుంది, జనం ఫిర్యాదులు చూస్తుంది, తేడా వస్తే రీకాల్. ఆ ఫిర్యాదులన్నీ వెబ్‌సైట్‌లో ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కాకినాడ తమ్ముడూ, ఇంటర్న్‌షిప్ దొరికేలోపు ఒక మోడల్ తీసుకుని ఆ ఫిర్యాదులు చదివి, ఏ లోపం ఎప్పుడు మొదలైందో ఓ చిన్న రిపోర్టు రాయి. ఇండియాలో కూడా మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 110-ఏ సెక్షన్ వచ్చి, 2021 ఏప్రిల్ నుంచి రీకాల్ రూల్స్ అమల్లో ఉన్నాయి కాబట్టి ఆ రిపోర్టు అక్కడా పనికొస్తుంది.

గోదారి_మెకానికల్:
అందరికీ థాంక్స్. మెయిల్ ఇలా రాశాను, చూడండి: "గౌరవనీయులైన సర్, బ్రేకింగ్ సిస్టమ్స్ టెస్టింగ్ విభాగంలో ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు కోసం అవకాశం కోరుతున్నాను. ద్విచక్ర వాహనాల ఏబీఎస్‌కి సంబంధించిన స్టాండర్డ్ చదువుతున్నాను. కాలేజీ లెటర్ జతచేశాను."

ఒరగడం_రిటర్న్:
ఇంగ్లిష్‌లో రాసి పంపుతావుగా! తేదీలు పెట్టు. "చదువుతున్నాను" అంటే కుదరదు, స్టాండర్డ్ నంబరు రాయి. ఏఐఎస్ స్టాండర్డ్‌లు ఏఆర్ఏఐ సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

హోమోలోగేషన్_బాబాయ్:
అందులో నీకు అర్థం కాని ఒక క్లాజు పట్టుకుని, దాని మీద ఒక ప్రశ్న కూడా రాయి. మెయిల్ చదివే ఇంజినీరుకి జవాబు ఇవ్వాలనిపించేలా ఉండాలి. జవాబు రాకపోతే వారం ఆగి ఫోన్ చెయ్యి, లంచ్ టైమ్‌లో మాత్రం కాదు.

ఈసీఈ_పిల్ల:
మాలాంటి ఈసీఈ వాళ్లకి ఇందులో చోటుందా అక్కా?

సెల్_అక్క:
ఎందుకు లేదు! ఈఎంసీ ల్యాబ్‌లో (ఎలక్ట్రానిక్ పరికరాలు బయటి సిగ్నళ్లకి చెడకుండా ఉంటాయా అని చూసేది) మొత్తం మీవాళ్లే. మొబైల్ టవర్ లాంటి సిగ్నల్ తగిలితే ఏబీఎస్ యూనిట్ పిచ్చిగా ప్రవర్తిస్తుందా అని చూస్తారు. బస్సుల ట్రాకింగ్ పరికరాలకి ఏఐఎస్-140 ఉంది, అదీ మీ లైనే. మెయిల్‌లో ఈఎంసీ అని రాయి.